పాముకు గోరువెచ్చగా

బిట్రగుంటలో ఒక ప్రైవేటు బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, నేను ఎక్కడ ఉండాలో అమ్మే తేల్చేసింది. మా ఊరు జువ్వలదిన్నె నుంచి రోజూ బస్సుల కోసం పడిగాపులు పడడం ఎందుకు, అక్కడే పెద్దమ్మ ఇల్లుంది గదా అంది. పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పిల్లలు లేరు. పెదనాన్న గూడ్సు రైళ్ళ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆమెకు స్నానం చేయించడానికి ఆడమనిషి కావాలి, నాకు ఇంటి కూడు కావాలి. అమ్మకు ఇంతకన్నా మంచి ఏర్పాటు కనిపించలేదు.

నేను వెళ్ళిన మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంది. మంచినీళ్ళలో వేసుకుందామని ఐసు ముక్కల కోసం ఫ్రీజరు తెరిచాను. జిప్పు కవర్లలో తెల్ల ఎలుకలు ఉన్నాయి. ఒక్కో కవర్లో ఒక్కొక్కటి, తోక సాపుగా చాపి, పడుకోబెట్టినట్టు వరసగా ఉన్నాయి. మీసాల మీద మంచు నూగు పట్టి ఉంది. నేను అరవలేదు గానీ తలుపు మాత్రం గట్టిగానే వేశాను.

"అవి పాముకమ్మా," అన్నాడు వెనకనుంచి పెదనాన్న. "ఐసు ట్రే ఆ పక్కన ఉండాది చూడు."

ముందు గదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. నోటికి ఒక పక్కనుంచే వచ్చేవి ఆమె మాటలు, ముద్దగా. అయినా ఒక్కటీ అర్థం కాకుండా పోయేది కాదు. "పైన పాము కూడు, కింద నా కూడు. పెద్దపీట దానిదే. తెలుసుకో."

పాము ఆమె ఎదురుగానే గాజు పెట్టెలో ఉంది. బాల్ పైథాన్ అంటారు. విషం లేదు. నా మణికట్టుకన్నా లావు ఉండేది. బెదిరితే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకునేది. పెదనాన్న మేనల్లుడు చెన్నైలో దాన్ని పెంచుకునేవాడు. పెళ్ళి కుదిరాక ఆ పిల్ల, పాము కావాలో నేను కావాలో తేల్చుకో అందట. అతను దాన్ని పెట్టెతో, కాగితాలతో సహా తెచ్చి మేనమామ ఇంట్లో దించి వెళ్ళాడు. ఎలుకలు కూడా అతనే పంపేవాడు. థర్మాకోల్ పెట్టెలో ఐసు నింపి రైల్లో తెలిసినవాళ్ళ చేతికిస్తే, పెదనాన్న స్టేషనుకు పోయి అందుకునేవాడు. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

వాళ్ళ కాపురం సంగతి మా బంధువులందరికీ తెలిసిందే. పెద్దమ్మ నోరు మామూలు నోరు కాదు. పెళ్ళైన కొత్తలోనే మొగుడికి "ఎర్రజెండా" అని పేరు పెట్టింది. పిల్లలు పుట్టకపోవడంలో లోపం ఎవరిదో ఏ డాక్టరూ తేల్చకముందే, అది ఆయనదేనని పెళ్ళిళ్ళలో, చావుల దగ్గర, చర్చి మెట్ల మీద చెప్పుకుంటూ వచ్చింది. తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చిన మనిషికి తలుపు తీసేది కాదు. ఆయన వరండాలో ఒరిగితే కళ్ళాపి నీళ్ళు మీదే చల్లేది. అమ్మ ఇవన్నీ నవ్వుతూ చెప్పేది. వింటూ మేమూ నవ్వేవాళ్ళం. ఆయన ఒక్కసారైనా ఎదురు చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఆమె మంచాన పడ్డాక ఆయన వంతు వచ్చింది. చెయ్యెత్తలేదు, గొంతూ ఎత్తలేదు. పెద్దమ్మకు పామంటే చచ్చేంత భయం. రోజూ పొద్దున ఆమె చక్రాల కుర్చీని తోసుకొచ్చి సరిగ్గా గాజు పెట్టెకు ఎదురుగా ఆపి, కుడి చక్రానికి బ్రేకు వేసేవాడు. టీవీ రిమోటు, మంచినీళ్ళ గ్లాసు ఆమె కుడిచేతి పక్కన పెట్టేవాడు. పడిపోయిన చెయ్యి అదే. ఎవరైనా చూడడానికి వస్తే, "అన్నీ చేతికందేట్టు పెట్టినా," అని చూపించేవాడు. వచ్చినవాళ్ళు ఎంత ఓపికయ్యా నీకు అని మెచ్చుకుని పోయేవాళ్ళు.

ఆ ఇంట్లో మెత్తగా, ఓపికగా ఏదైనా జరిగిందంటే అది పాముకు ఎలుక కరిగించే పనే. ఒక సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టుకుని నేర్పించాడు.

"రేపు పెట్టాలంటే ఈ రోజే ఫ్రీజర్లోంచి తీసి కింది అరలో పెట్టాల. కవరు విప్పబాక. మెల్లగా కరగాల. బయట పెట్టేస్తే మన ఎండకు పైన కుళ్ళిపోతాది, లోపల గడ్డగానే ఉంటాది."

"వేడినీళ్ళలో వేస్తే తొందరగా అవదా పెదనాన్నా?"

"మరిగే నీళ్ళలో వేస్తే ఉడుకుతాది. ఉడికింది పాముకు అరగదు, కక్కేస్తాది. ఓవెన్లో పెడితే పగుల్తాది. చివర్లో గోరువెచ్చటి నీళ్ళు చాలు, కవరుతోనే వెయ్యాల. పసిబిడ్డకు పోసే నీళ్ళుంటాయే, అట్లా." ఆయన కవరు నీళ్ళలోంచి తీసి, బొటనవేలితో ఎలుక పొట్ట మీద మెల్లగా నొక్కాడు. "ఇక్కడ చూడాల. లోపల రాయిలాగా తగిలిందా, ఇంకా చల్లగుండాదని. ఆ చల్లటిది తింటే దాని కడుపు పాడవుతాది. చావనూ చావచ్చు."

తర్వాత పాత తుండుగుడ్డతో ఎలుకను తడి లేకుండా ఒత్తాడు. పొడుగాటి పటకారుతో నడుము దగ్గర పట్టుకుని పెట్టెలోకి దించాడు. పాము తల మెల్లగా లేచింది. నాలుక రెండు మూడుసార్లు ఆడింది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేకపోయాను, అంత వేగం. చూసేసరికి ఎలుక చుట్టూ మూడు చుట్లు బిగిసి ఉన్నాయి, ఎప్పుడో చచ్చిన ఎలుకని మళ్ళీ చంపుతున్నట్టు.

"తినకపోతే?" అన్నాను.

"పారెయ్యాల్సిందే. ఒకసారి కరిగింది మళ్ళీ ఫ్రీజర్లో పెట్టకూడదు. ఈ గిన్నె, ఈ గుడ్డ దీనికే. వంటింటి గట్టు మీద పెట్టబాక. అయినాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కో. పామును ఇంక రెండు రోజులు ముట్టుకోబాక, కడుపులో కూడుండాది గదా."

పెద్దమ్మ అంతా వింటూ ఉంది. "నా సంగటి ముద్ద ఏ రోజన్నా అట్లా నొక్కి చూసినాడా, అడుగు," అంది నాతో.

ఆయన చేతులు తుడుచుకుంటూ, నవ్వకుండా జవాబు చెప్పాడు. "నీకు అరగందేముండాది? నలభై ఏళ్ళు నన్ను తిన్నావు."

ఎండలు ముదిరాక పెదనాన్నకు కంటి ఆపరేషను చేయాలన్నారు. నెల్లూరులో చేయించుకుని, కొన్నాళ్ళు అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండి వస్తానన్నాడు. వంగకూడదట, బరువులెత్తకూడదట. పెద్దమ్మ మందులు ఎక్కడున్నాయో చెప్పలేదు. పాముకు ఎప్పుడు పెట్టాలో మాత్రం గడప దిగేదాకా చెప్పాడు.

ఆయన లేనన్నాళ్ళూ నేను ఆమె కుర్చీకి బ్రేకు వేయలేదు. ఎడమ చేత్తో చక్రం తోసుకుంటూ, ఎడమ కాలితో నేలను తంతూ ఆమె ఇల్లంతా తిరిగేది. ఎన్నాళ్ళ తర్వాతో వంటింట్లోకి వెళ్ళింది, వరండాలోకి వెళ్ళి వీధి చూసింది. నాకు సంతోషమనిపించింది. నా దగ్గర ఊరి కబుర్లు అడిగి చెప్పించుకుంది, నా జడ మీద ఒకసారి చెయ్యి వేసింది. ఆ తర్వాత అడిగింది.

"దానికి ఈసారి కరగబెట్టకుండా పెట్టేస్తే ఏమవుతాది?"

"చచ్చిపోతుంది పెద్దమ్మా."

"ఒక్కసారికేం గాదులే. పెట్టి చూడు."

"నేను పెట్టను."

పాముకు పెట్టాల్సిన రోజుకు ముందు సాయంత్రం నేను ఒక ఎలుకను కింది అరలోకి దించి, పొద్దున బడికి వెళ్ళాను. తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే కవరు పెట్టిన చోటే ఉంది, కానీ గాలి నిండి బుంగలా ఉబ్బింది. ఎలుక పొట్ట పచ్చబడింది. కవరు మూసే ఉన్నా వాసన ఆగడం లేదు. పక్కనే పాలగిన్నె ఉంది.

"దీన్ని బయటికి తీసినావా పెద్దమ్మా?"

"తీసినా. కిటికీలో ఎండకు పెట్టినా. నువ్వొచ్చే వేళకు మళ్ళీ పెట్టేసినా." ఆమె ముఖంలో సిగ్గులేదు. పనిచేసి అలిసిన మనిషిలాగే ఉంది. వంటింట్లో నేలమీద చక్రాల గీతలు ఫ్రిజ్ నుంచి కిటికీదాకా, కిటికీ నుంచి ఫ్రిజ్ దాకా ఉన్నాయి. ఆ ఒంటిచేత్తో అటూ ఇటూ తిరగడానికి ఆమెకు ఎంతసేపు పట్టి ఉంటుందో అనుకున్నాను. "వాడి బిడ్డకు వెచ్చగుండాలంట గదా," అంది.

నేను దాన్ని పెరట్లో లోతుగా పూడ్చి, పాలు పారబోసి, ఫ్రిజ్ అంతా కడిగాను. ఇంకొకటి తీసి కవరుతోనే ముందు చన్నీళ్ళలో, అది మెత్తబడ్డాక గోరువెచ్చటి నీళ్ళలో, నీళ్ళు మారుస్తూ కరిగించాను. పొట్ట నొక్కి చూశాను. పాము తినేసింది. పాము మింగినంతసేపూ చూసి, పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ సంగతి పెదనాన్నకు చెప్పకూడదని నేననుకున్నాను. నల్లద్దాలు పెట్టుకుని ఆయన ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విడవకముందే పెద్దమ్మే చెప్పింది. కరగబెట్టకుండా పెట్టమని నన్ను ఎట్లా అడిగిందో, ఎండలో ఎట్లా పెట్టిందో, ఎట్లా ఉబ్బిందో, ఏదీ దాచకుండా. ఈ పిల్ల అడ్డం రాకపోతే ఈపాటికి నీ బిడ్డను పెరట్లో పూడ్చి ఉందుము అని ముగించింది. ఆయన అంతా విన్నాడు. పెట్టె దగ్గరికి పోయి పామును చూసుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి నాచేత కంట్లో చుక్కలు వేయించుకున్నాడు.

"మంచిది," అన్నాడు. అంతే.

మర్నాటినుంచి ఆమె కూడు ఫ్రిజ్ లోంచి నేరుగా కంచంలోకి వచ్చింది. పొద్దున ఇడ్లీలు చేసి, మేమిద్దరం వేడిగా తిన్నాక, ఆమెవి ఫ్రిజ్ లో పెట్టేవాడు. చల్లబడి బిగుసుకున్నాక తీసేవాడు. అన్నం పలుకులు పలుకులుగా విరిగేది. చేపల పులుసు మీద నూనె తెల్లగా పేరుకుని ఉండేది. పక్షవాతం వచ్చిన నోటితో ఆ ముద్దలు నమలడానికి ఆమెకు పూటంతా పట్టేది. నేను ఒకరోజు కంచం తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాను. ఆయన వచ్చి గ్యాసు కట్టేశాడు.

"చల్లటిది తింటే ఏమవుతాదో తెలుసుకోవాలనుకునింది గదమ్మా. తెలుసుకోనీ."

"ఆమెది తప్పే పెదనాన్నా. మనిషి గదా."

"నువ్వు బడికి పో తల్లీ, గంట కొట్టేస్తారు." గొంతు మెత్తగానే ఉంది. అద్దాల వెనక కళ్ళు కనపడలేదు.

అమ్మకు ఫోను చేశాను. అమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చింది. అక్కను జువ్వలదిన్నెకు తీసుకుపోతానని బావకు చెప్పింది. ఆయన అడ్డుచెప్పలేదు, బట్టలు సర్దడానికి సంచి కూడా తెచ్చి ఇచ్చాడు. పెద్దమ్మే రానంది.

"ఆడ వేడిగా తిందువు గాని రా అక్కా," అని అమ్మ బతిమాలింది.

"నేనొస్తే వాడు ఈడ కాళ్ళు చాపుకుని హాయిగా పడుకుంటాడు. రాను."

అమ్మ ఏడ్చింది. వాళ్ళిద్దరూ ఏడవలేదు. అమ్మ ఏడుస్తున్నంతసేపూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. నాకు అప్పుడు తోచింది, ఆ ఇంట్లో మేమందరం పైవాళ్ళమని. పామైనా అంతే.

పెద్దమ్మ ఆ చల్లటి కూడు ఒక్క మెతుకు వదలకుండా తినేది, ఆయన కళ్ళలోకి చూస్తూ. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తే చెంచాతో కంచం మోగించేది. ఆయన లేచేవాడు. మళ్ళీ ఒరిగేవాడు. ఆమె మళ్ళీ మోగించేది. బట్టలు పాడుచేసుకునేది కూడా కావాలనే అని నా అనుమానం, నేను బడికి వెళ్ళే వేళ చూసి. ఆయన వెంటనే మార్చేవాడు కాదు. నేను తిరిగి వచ్చి మార్చేదాన్ని. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక బక్కెట్టు మీద చూపించేదాన్ని.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున పెదనాన్న స్నానాల గదిలో కూలబడిపోయాడు. గుండె. నేను తలుపు తోసి చూసేసరికి అయిపోయింది. పెద్దమ్మకు చెప్పాను. "నీళ్ళు పోసుకున్నాడా, పోసుకోకముందా?" అని అడిగింది.

నెల్లూరు నుంచి, చెన్నై నుంచి బంధువులు రావాలి గనక కావలి నుంచి ఐసు పెట్టె తెప్పించి శవాన్ని అందులో ఉంచారు. పెట్టెకు పక్కన పెద్దమ్మ కుర్చీ. చర్చి ఆడవాళ్ళు చుట్టూ చాప మీద కూర్చుని పాటలు పాడుతున్నారు. పెట్టె అద్దం మీద చెమ్మ పడుతుంటే పాస్టరు గారి భార్య పమిట చెంగుతో తుడుస్తోంది. పెద్దమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. ఏదో చెప్పుకుని ఏడుస్తుందని అందరూ పాట ఆపారు.

"పొట్ట నొక్కి చూడే," అంది. "రాయిలాగుండాదా?"

పక్కనున్న వాళ్ళకు ఆ ముద్దమాటలు అర్థం కాలేదు. ఏమంటోందమ్మా అని అడిగారు. బాధపడుతోందండీ అని చెప్పాను. వాళ్ళు మళ్ళీ పాట ఎత్తుకున్నారు.

అందరూ వెళ్ళేరోజు మేనల్లుడు గాజు పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెన్నైలో ఒక స్నేహితుడు పామును తీసుకుంటానన్నాడనీ, కొంచెం టైము ఇస్తే వచ్చి పట్టుకుపోతాననీ అన్నాడు. "నిదానంగా రా నాయనా. నేనుండా గదా, చూసుకుంటా," అంది పెద్దమ్మ. అతను ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. మామయ్య గుర్తుగా ఉంచుకుంటోందనుకున్నాడు కాబోలు.

తర్వాత పాముకు పెట్టాల్సిన రోజు వచ్చింది. నేను ఎలుకను కరిగించి, తుడిచి, పటకారుతో పట్టుకుని వచ్చాను. పెద్దమ్మ కుర్చీ తనంతట తానే పెట్టెకు దగ్గరగా తోసుకుంది.

"చూపించు," అంది.

మూత తీసి ఎలుకను దించుతుంటే, "చాలు. ఆపు. వాసన తగలనీ. పెట్టబాక," అంది.

పాము తల లేచింది. మెడ వెనక్కి వంగి కొక్కెంలా బిగుసుకుంది.

"ఇంక తీసెయ్యి. రేపు మళ్ళీ ఇంకొకటి కరిగించు, మళ్ళీ చూపించు. ఎన్నాళ్ళుంటాదో చూద్దాం." ఆమె ముఖం ఒక పక్కే నవ్వుతోంది. ఆ పక్క చాలా అందంగా ఉంది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో ఆ పూట చూశాను.

నేను పటకారు కిందికి దించాను. పాము అందుకుంది. పటకారు చివరను కూడా తాకింది.

"నువ్వు కూడా వాడి మనిషివే," అంది పెద్దమ్మ.

మేనల్లుడు ఎట్టకేలకు వచ్చి, పామును దిండు గలీబులోకి ఎక్కించి, మూతి కట్టి, కారులో పెట్టుకుని పోయాడు. గాజు పెట్టె కూడా పోయింది. మిగిలిన ఎలుకలను నేనే గుంట తీసి పూడ్చాను. ముందు గదిలో పెట్టె ఉన్న చోట గోడ తెల్లగా, చదరంగా మిగిలింది. ఆ రోజు సంగటి వేడివేడిగా చేసి పెద్దమ్మ ముందు పెట్టాను. నోరు కాలిందని కంచం తోసేసింది.

కొన్నాళ్ళకు చర్చి ఆడవాళ్ళు నాతో మాటలు తగ్గించారు. బడిలో ఒక టీచరు నా డబ్బాలోంచి కూర వేసుకోవడం మానేసింది. ఎందుకో పాస్టరు గారి భార్య చెప్పింది, ఆమె కూడా నా కళ్ళలోకి చూడకుండా. పెద్దమ్మ ముద్దమాటలు అర్థం చేసుకోవడం ఈలోగా అందరూ నేర్చుకున్నారు. ఎలుకల గిన్నెలో కాఫీ కాచి పెదనాన్నకు పోసేదాన్నట. ఆయన అందుకే పోయాడట.

"ఎందుకట్లా చెప్పినావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నువ్వు పోయలేదని నాకు తెలుసు," అంది తాపీగా. "వాళ్ళకు తెలీదు గదా."

కోపంతో నా చెయ్యి కుర్చీ బ్రేకు దగ్గరికి పోయింది. దాన్ని వెనక్కి తీసుకుని, పొయ్యి ఆర్పి, బయటికి వచ్చి అమ్మకు ఫోను చేశాను. ఆ నెలాఖరుకు బడి మానేసి కావలిలో వేరే బడిలో చేరాను. అమ్మ మళ్ళీ వచ్చి అక్కను రమ్మని అడిగింది. ఈసారి మొగుడి పేరు చెప్పలేదు, నా ఇల్లు వదిలి రాను అంది. రైల్వే పింఛను ఉంది గనక ఒక మనిషిని కుదిర్చాం. ఆమె నిలవలేదు. ఇంకొకామె వచ్చింది, ఆమె కూడా ఏడ్చుకుంటూ పోయింది. తర్వాత బోగోలు వైపునుంచి ఒకామె వచ్చి నిలబడింది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో చూడడానికి వెళ్ళాను. పెద్దమ్మ చిక్కిపోయింది. నన్ను పోల్చుకున్నట్టు కూడా చూడలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పనామె నన్ను సాగనంపడానికి గేటుదాకా వచ్చింది. చేతి మీద గోళ్ళ రక్కులు కనపడకుండా పమిట కప్పుకుంది.

"ఎట్లా వేగుతుండావమ్మా ఈమెతో?" అన్నాను.

"మా అత్తకన్నా నయమక్కా," అంది. "ఈమె లేచి వెంటపడనన్నా పడదు గదా."

నేను రైలుకు టైమయిందని చెప్పి స్టేషనుకు నడిచాను.